ముందు కుర్చీ

జనవరి 9

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. హయగ్రీవ సార్ వారానికి ఒక పేజీ జర్మన్‌లో రాయమన్నారు, అది వేరే. అందులో వాతావరణం గురించీ, మా మేడమీద అమ్మ పెంచే గులాబీల గురించీ రాసి సార్ సంతకం పెట్టించుకుంటాను. కోపం రాయాలంటే మాత్రం తెలుగే కావాలి. జర్మన్‌లో ఒకరిని తిట్టాలంటే వాక్యం చివరిదాకా ఆగాలి, అప్పటికి కోపం చల్లారిపోతుంది. ఫ్రెంచ్‌లో తిట్టినా ముద్దు చేసినట్టే ఉంటుంది. జపనీస్‌లో అయితే తిట్టే ముందు వంగి క్షమాపణ అడగాలేమో. మూడు భాషలూ ఒకే డిగ్రీలో చదువుతున్నానని అమ్మ రాబర్ట్‌సన్‌పేట అంతా చెప్పుకుంటుంది. మూడింటిలోనూ నేనే ఫస్టు. మొన్నటిదాకా.

ఇవాళ ఫ్రెంచ్ మార్కులు వచ్చాయి. సుమ ఫస్టు.

జనవరి 10

సుమ అంటే నంగలి నుంచి వచ్చే సుమ. ములబాగిలు దాటేదాకా బస్సులో నిలబడే వస్తుందట. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. చేతులకు ఎప్పుడూ మల్బరీ ఆకు పసరు వాసన. రెండో సంవత్సరంలో ఒకసారి ఆమె దుపట్టా మీద నిజంగానే ఒక పురుగు పాకుతూ క్లాసుకు వచ్చింది. ‘పురుగు’ అన్నది నేనే. ఆ పేరు మూడు భాషల్లోనూ పెట్టి చూశాం, జపనీస్‌ది నిలిచింది. అప్పటినుంచి క్లాసంతా ఆమెను ‘ముషి’ అనే పిలుస్తుంది. పిలిస్తే పలుకుతుంది కూడా, చిగుళ్ళు కనిపించేలా నవ్వుతూ. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

ఈ కోలారు జిల్లాలో నాలుగు భాషలు రావడం గొప్పేమీ కాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, మా కేజీఎఫ్ అంగళ్ళలో తమిళం, బస్సులో పక్క సీటువాళ్ళతో ఉర్దూ. కోళ్ళు కూడా నాలుగు భాషల్లో కూస్తాయి ఇక్కడ. కానీ పుస్తకం పెట్టుకుని నేర్చుకోవడం వేరు కదా. నేను నేర్చుకుంటాను. ఆమెకు ఊరికే అంటుకుంటాయి, గజ్జి అంటుకున్నట్టు.

జనవరి 24

జర్మన్‌లో కూడా సుమ ఫస్టు.

ఫిబ్రవరి 11

అన్నం తినలేదని అమ్మ గొడవ. కారణం చెప్పాను. అమ్మ హైస్కూలు టీచరు కదా, మార్కుల బాధ ఆమెకు తెలుసు. చిక్కుడుకాయలు ఒలుస్తూ మా ముత్తాత కథ మళ్ళీ చెప్పింది. హాల్లో తలపాగాతో ఫొటోలో ఉన్నాయన. ఇక్కడి బంగారు గనుల్లో ఆయన దుబాసి. దొర ఇంగ్లీషులో అరిచింది కూలివాళ్ళకు తెలుగులో, తమిళంలో చెప్పడం, వాళ్ళు మొరపెట్టుకున్నది దొరకు ఇంగ్లీషులో చెప్పడం ఆయన పని.

“దొర పది మాటలంటే మీ ముత్తాత రెండు చెప్పేవాడే అనూ. కూలివాడు పది చెప్పుకుంటే ఒకటి చెప్పేవాడు. ఇద్దరూ ఆయనకే దండం పెట్టేవాళ్ళు” అంది అమ్మ. చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

అది నా రక్తంలో ఉన్న విద్య. పురుగుల ఇంటి పిల్ల వచ్చి ఎట్లా ఎత్తుకుపోతుంది?

ఫిబ్రవరి 27

ఆఖరి పరీక్ష ఎట్లా ఉంటుందో అమ్మకు చెప్పాల్సి వచ్చింది. ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి వంటింట్లో రెండు కుర్చీలు వేసి చూపించాను.

ముందు కుర్చీలో ఒకరు, వెనక కుర్చీలో ఒకరు. ముందున్నవాళ్ళ చెవుల్లో జర్మన్ మాటలు వినిపిస్తాయి, వాటిని మైకులో జపనీస్‌లో చెప్పాలి. వెనకున్నవాళ్ళకు ఆ జపనీస్ మాత్రమే వినిపిస్తుంది, అసలు జర్మన్ వినపడదు. దాన్ని ఫ్రెంచ్‌లో చెప్పాలి. మూడు భాషల చదువుకు ఒకటే పరీక్ష. మార్కులు వెనక కుర్చీకే. ఒకసారి అయ్యాక ఇద్దరూ కుర్చీలు మార్చుకుంటారు. పరీక్ష పెట్టడానికి జర్మనీ నుంచి ఒక మేడం వస్తుంది. ఆమెకు జర్మన్, ఫ్రెంచ్ తెలుసు, జపనీస్ ఒక్క ముక్క రాదు. మా లెక్చరర్లు ఎవరూ గదిలోకి రాకూడదు.

“అయితే మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదన్నమాట” అంది అమ్మ.

అవసరం లేదమ్మా, వెనకవాళ్ళు ముందువాళ్ళను నమ్ముతారు, అదే పద్ధతి అన్నాను. ఇంకో నియమం కూడా చెప్పాను. ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒక్కటి చేస్తే చాలు, మిగతాదంతా బంగారమైనా సున్నా. మళ్ళీ ఒక సంవత్సరం దాకా పరీక్ష రాయనివ్వరు.

మార్చి 5

చీట్లు తీశారు. నా జోడీ సుమ.

మార్చి 6

హయగ్రీవ సార్ ఇవాళ ఇంకో మాట చెప్పారు. కోలారు పక్కనే నరసాపురంలో కొత్తగా పెట్టిన ఒక విదేశీ కంపెనీవాళ్ళు మా కాలేజీ నుంచి ఒక్కరినే దుబాసిగా తీసుకుంటారు. ఆఖరి పరీక్షలో ఫస్టు వచ్చినవాళ్ళను. ఒక్కరినే.

అందరూ సుమ వైపు చూశారు. నేనూ చూశాను.

మార్చి 19

ప్రాక్టీసు. హయగ్రీవ సార్ రోజూ చెప్పే పాఠమే మళ్ళీ చెప్పారు. దుబాసికి ‘నేను’ అనేది లేదు. ఎదుటివాడు ‘నాకు ఆకలేస్తోంది’ అంటే నువ్వూ ‘నాకు ఆకలేస్తోంది’ అనాలి, ‘ఆయనకు ఆకలేస్తోందట’ అనకూడదు. మాట్లాడేవాడి ‘నేను’ నీ నోట్లో ఉండాలి, నీది ఇంట్లో పెట్టి రావాలి. మొదటి సంవత్సరం నుంచి వింటున్నదే.

ముందు కుర్చీలో సుమ, వెనక నేను. నాకు జపనీస్ వినడంలో కాస్త ఆలస్యమవుతుంది. అది ఆమెకు తెలిసిపోయింది. నా కోసం నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో, ఒక్కోటి విడివిడిగా చెబుతోంది. పసిపిల్లకు ముద్దలు చేసి పెట్టినట్టు. ప్రాక్టీసు అయ్యాక సార్ నన్ను మెచ్చుకున్నారు. సుమ కూడా “బాగా చేసినావు అనఘా” అంది.

నాకు ఆమె జాలి అక్కర్లేదు.

మార్చి 28

మధ్యాహ్నం సుమ డబ్బా తెరిస్తే సంగటి ముద్ద, వేరుశనగల ఊరుబిండి. వాసనకు తల నొప్పి వస్తోందని అందరికీ వినబడేలా అన్నాను. మూత పెట్టేసుకుని బయటికి వెళ్ళి తిని వచ్చింది. వచ్చి నాకు ఒక జపనీస్ పాఠం విడమరిచి చెప్పింది. నిజం చెప్పాలంటే చాలా బాగా చెప్పింది. ఇంకా మండిపోయింది నాకు.

ఏప్రిల్ 15

సుమ తన ఇంటి సంగతి చెప్పింది. నేను అడగలేదు. తల్లి లేదు. ఇల్లు నడిపేది మేనత్త పిల్లమ్మ. ఆడపిల్లకు ఈ దేశంలో లేని భాషలెందుకని ఆమె మూడేళ్ళుగా పోరు పెడుతూనే ఉందట. తండ్రి దొడ్డమునియప్ప ఒక్కడే పట్టుబట్టి పంపిస్తున్నాడు. ఈ మే నెలతో చదువు అయిపోతుంది, ఉద్యోగం వస్తుంది, లేకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది అని అక్కకు మాట ఇచ్చాడట.

“ఇంగ ఒక్క పరీక్షే కదే. అది దాటితే నేను గెలిచినట్లే” అంది సుమ.

ఆమె గెలవడమంటే ఎవరు ఓడటమో ఆమెకు తోచలేదు.

మే 7

అయిపోయింది.

మొదట సుమ ముందు కుర్చీ, నేను వెనక. నదిమీద కట్టిన ఆనకట్ట గురించి పాఠం. సుమ మామూలుగానే నెమ్మదిగా అందించింది. నా ఫ్రెంచ్ ఎక్కడా తడబడలేదు. జర్మన్ మేడం నవ్వుతూ తల ఊపింది.

తర్వాత కుర్చీలు మార్చుకున్నాం. ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను ఆసుపత్రికి తెచ్చి డాక్టరుతో మాట్లాడే పాఠం. జ్వరం, వాంతులు, రాత్రంతా ప్రయాణం, అన్నీ చెప్పాను. ఒక వాక్యం జారిపోయింది. సమయానికి మాట తట్టలేదు. జారడం అందరికీ ఉన్నదే.

అమ్మ పాయసం చేసింది.

మే 8

మాట తట్టలేదని నిన్న రాశాను. మందు, బిడ్డ, పడదు. మొదటి సంవత్సరంలో నేర్చుకున్న మాటలు ఇవి. సరే, నోరు ఎండిపోయింది అనుకుందాం. ఆ గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు.

మే 9

మేడం అందరినీ పిలిచి ఫలితాలు చెప్పింది. నేను ఫస్టు. సుమకు సున్నా.

మేడం బాధపడుతూనే అడిగింది. ఆ తల్లి ‘నా బిడ్డకు ఆ మందు పడదు’ అని స్పష్టంగా చెప్పింది కదా, మీ ఫ్రెంచ్‌లో ఆ మాట ఎక్కడ, ఆ డాక్టరు ఆ మందే ఇచ్చి ఉంటే బిడ్డ బతికేదా అని. సుమ ఒక్కసారి నా వైపు చూసింది. ఆ మాట నాకు అందలేదు అని మాత్రం జర్మన్‌లో చెప్పి తల దించుకుంది. ఎవరు అందించలేదో చెప్పలేదు. అందరూ ఆమెకే వినపడలేదని అనుకున్నారు. హయగ్రీవ సార్ కూడా అట్లాగే అనుకున్నారు.

తర్వాత వరండాలో నన్ను ఆపింది. “ఆ మాట నీకు వినబడినాదా అనఘా?” అంది.

ఏ మాట అన్నాను.

“సరేలే. భయంలో అట్లయితాది. మొదటి ఏడు నాకూ అట్లే అయ్యేది” అంది. నా చెయ్యి కూడా పట్టుకుంది. ఆ పసరు వాసన ఇంకా పోలేదు, రెండుసార్లు కడుక్కున్నాను. నన్ను క్షమించడానికి ఈమె ఎవరు?

సార్ చెప్పినదాని ప్రకారం, మేడం ఎల్లుండి వెళ్ళిపోయేలోపల తండ్రో తల్లో వచ్చి ఆమెను అడిగితే మళ్ళీ పరీక్ష పెట్టే అధికారం ఆమెకు ఉంది. ఆ మాటలు జరిగేటప్పుడు సున్నా వచ్చినవాళ్ళు గదిలోకి రాకూడదు, లెక్చరర్లూ రాకూడదు. తండ్రికి భాష రాకపోతే ఒక విద్యార్థిని వెంట తెచ్చుకోవచ్చు.

సుమ నన్ను రమ్మంది. “నాయనకు నీ పేరు చెప్పలేదు. లోపల నిజం నువ్వే చెప్తావని నాకు తెలుసు” అంది.

మే 10

దొడ్డమునియప్ప పొద్దున్నే వచ్చాడు. తెల్ల పంచ, భుజాన తువ్వాలు, కొత్తగా నూనె రాసిన చెప్పులు. కాలేజీ మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. వేసుకోవచ్చు అంకుల్ అంటే కూడా వేసుకోలేదు. చదువుల తల్లి ఉండే చోటట. సుమ కింద చింతచెట్టు దగ్గర బెంచీ మీద కూర్చుంది. మేం ఇద్దరం పైకి వెళ్ళాం.

మేడం లేచి నిలబడి ఆయనకు నమస్కారం పెట్టింది. వచ్చిన రోజే నేర్చుకుంది పాపం. ఆయన కుర్చీ అంచున కూర్చుని నా వైపు తిరిగాడు. మేడం వైపు చూసి మాట్లాడమని చెప్పాను. పద్ధతి అది. ఆయన మేడంకేసి చూస్తూ, గుడిలో మొక్కుకున్నట్టు మొదలుపెట్టాడు.

“అమ్మా, నేను చెప్పేది ఉన్నదున్నట్లు చెప్పు. మా సుమ అట్లాంటి తప్పు చేసే పిల్ల కాదు. ముందు కుర్చీలో కూర్చున్న పిల్లను పిలిచి అడగమను. ఆ పిల్ల అబద్ధం చెప్పదంట, మా సుమే చెప్పినాది. ఆ పిల్ల మింద నాకు కోపమేమీ లేదు. చిన్నపిల్ల, భయంలో ఒక మాట జారిపోయింటాది. దాన్ని ఏమీ చేయొద్దని కూడా చెప్పు. మా పిల్లకు ఇంగొక్కసారి పరీక్ష పెట్టమను, అంతే.”

ఆ పిల్ల పేరేమిటో సుమ చెప్పిందా అని అడిగాను. లేదన్నాడు. అడిగితే, పేరెందుకులే నాయనా అందట.

మేడం నా నోటికేసి చూస్తోంది. ఆయనా నా నోటికేసే చూస్తున్నాడు.

నేను జర్మన్‌లో చెప్పాను. “నా కూతురు తప్పు చేసిందని నాకు తెలుసు. నేను ఈ ఫలితాన్ని ఒప్పుకుంటున్నాను. ఇంట్లో పట్టుపురుగుల పనికి మనిషి లేదు. నేను ఆమెను ఇంటికి తీసుకుపోతున్నాను. మీకు ఈ మాట చెప్పి సెలవు తీసుకుందామని వచ్చాను.” వాక్యాలు నున్నగా వచ్చాయి. మూడేళ్ళలో ఇంత మంచి జర్మన్ నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నన్ను వదిలేసి ఆయన వైపే ముందుకు వంగి చాలాసేపు మాట్లాడింది. మీ అమ్మాయి ఫ్రెంచ్ వింటుంటే చదివి నేర్చుకున్నట్టే అనిపించలేదు అంది. ఇన్నేళ్ళలో ఇలాంటి చెవి ఉన్న పిల్లను చూడలేదు, ఆ ఒక్క తప్పు ఎందుకు జరిగిందో నాకూ అర్థం కావడం లేదు అంది. మీరు ఊ అంటే చాలు, రేపు పొద్దున్న ప్రయాణం ఆపుకుని అయినా నేనే మళ్ళీ పరీక్ష పెడతాను, తొందరపడి తీసుకుపోకండి, దయచేసి ఆలోచించండి అని బతిమాలింది.

“కుదరదంట అంకుల్. నియమం నియమమేనట” అన్నాను.

ఆయన నమ్మలేనట్టు ఆమె ముఖంలోకి చూశాడు. “అంతసేపు మాట్లాడినాదే అమ్మా” అన్నాడు. అదే మాట నాలుగు రకాలుగా చెప్పారు అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి కదా అన్నాడు. ఆమెకూ బాధగానే ఉందట, కానీ చేసేదేమీ లేదట అన్నాను.

“ఇంగోసారి అడుగు తల్లీ. కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. మా అక్క ఇంగ బయటికి పంపదు దాన్ని.”

నేను జర్మన్‌లో మేడంకు కృతజ్ఞతలు చెప్పాను. నా నిర్ణయం మారదన్నాను.

మేడం లేచి రెండు చేతులూ జోడించింది. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని ఆమెకు దండం పెట్టాడు. ఇద్దరూ ఒకరికొకరు అట్లా దండాలు పెట్టుకుంటూ నిలబడ్డారు, మధ్యలో నేను. అప్పుడు హాల్లోని ముత్తాత ఫొటో గుర్తొచ్చింది. ఎందుకో నవ్వొచ్చింది, దగ్గులా మార్చేశాను.

కిందికి దిగాక ఆయన సుమతో ఒక్కటే మాట అన్నాడు. “ఎంతోసేపు మాట్లాడినాదమ్మా. కడాకు కుదరదనింది.”

సుమ నా వైపు తిరిగింది. “కుదరదనడానికి అంతసేపు పట్టిందా?” అంది.

అవునన్నాను.

ఆమె మెట్లకేసి చూసింది. ఎక్కి వెళ్ళి జర్మన్‌లో రెండు మాటలు అడిగి ఉంటే నా పని ఆ పూటే అయిపోయేది. భయపడ్డాను, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎట్లా ఎక్కుతుంది? ఆ పిల్ల అబద్ధం చెప్పదని తన నోటితోనే తండ్రికి చెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల ఇదే అని చెప్పాలంటే, ఆయన ఇంతసేపూ ఎవరికి మొరపెట్టుకున్నాడో కూడా చెప్పాలి. తండ్రిని చూసింది. ఆయన మెట్ల దగ్గర వంగి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. కళ్ళ నీళ్ళకు కనపడటం లేదేమో, చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. సుమ వెళ్ళి వాటిని ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

“పద నాయనా, బస్సు పోతాది” అంది.

మే 11

మేడం వెళ్ళిపోయింది.

మే 12

ఆ గదిలో నేను నా తరఫున ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ‘నేను’ అన్నవన్నీ ఆయనవి. ‘కుదరదు’ అన్నది మేడంది. నాది ఇంట్లో పెట్టే వెళ్ళాను, సార్ చెప్పినట్టే.

మే 13

అయినా ఆమె ఎక్కి వెళ్ళి ఉండొచ్చు కదా. వెళ్ళలేదంటే ఆమెకూ అంత పట్టుదల లేదనే. ఇట్లాంటివాళ్ళు దుబాసి పనికి పనికిరారు. నరసాపురంలో నాలుగు రోజులు కూడా నిలవదు. ఒకరకంగా మంచిదే అయింది.

మే 14

కావాలనే వదిలేశాను. ఆ వాక్యం నాకు గంట కొట్టినట్టు వినపడింది. నోట్లోకి కూడా వచ్చింది.

ఈ పేజీ చించేయాలి.

మే 29

నరసాపురం ఉద్యోగం ఖాయమైంది. వచ్చే నెల చేరాలి. అమ్మ ముత్తాత ఫొటోకు దండ వేసింది. వీధిలో అందరికీ మైసూరుపాకు పంచింది. హయగ్రీవ సార్ ఫోన్ చేసి అభినందించారు, మధ్యలో ఆగి, సుమ టీసీ తీసుకోవడానికి కూడా రాలేదమ్మా, నీకేమైనా తెలుసా అన్నారు. తెలియదన్నాను.

జూన్ 15

దొడ్డమునియప్ప మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నెత్తిన మామిడిపళ్ళ బుట్ట.

ఆయన్ను చూడగానే తలుపు మూసేయాలనిపించింది. తెలిసిపోయి ఉంటుంది అనుకున్నాను. ఆయన బుట్ట దించి, ఆ రోజు మా కోసం లోపలికొచ్చి అంత కష్టపడినావు, ఒట్టి చేతులతో పంపించినాను, మనసు ఒప్పలేదమ్మా అన్నాడు. అమ్మ మురిసిపోయి కాఫీ ఇచ్చింది. స్టీలు లోటాలో, వంటింటి గుమ్మం అవతలే నిలబెట్టి. మాది మధ్యవర్తుల వంశమండీ, పదిమందికి సాయపడటం మాకు అలవాటే అని కూడా చెప్పింది.

కాఫీ తాగి లోటా కడిగి పెట్టాక అసలు సంగతి బయటపెట్టాడు.

“సుమ మాట్లాడటం మానేసినాదమ్మా. తెలుగులో లేదు, కన్నడంలో లేదు. పనంతా చేస్తాది, నోరు మాత్రం తెరవదు. ఏమనుకుంటాందో మాకు తెలీదు. నువ్వొకసారి వచ్చి అడుగు తల్లీ. మాకు తెలియని భాషలు మీ ఇద్దరికీ ఉండాయి కదా, వాటిల్లో అయినా నీతో చెప్తాదేమో. అది ఏం చెప్తే అది మాకు చెప్పు.”

రానని చెప్పాలనుకున్నాను. అమ్మ ముందే మాట ఇచ్చేసింది, రేపు ఆదివారమే కదా వస్తుందిలెండి అని.

జూన్ 16

ఇవాళ వెళ్ళి వచ్చాను. ఈసారి ఉన్నదున్నట్టే చెబుతానని బస్సులో దారి పొడుగునా అనుకున్నాను. ఇది రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే నిజంగానే అనుకున్నాను.

నంగలిలో వాళ్ళ ఇల్లు రోడ్డుకు దగ్గరే. వెనక రేకుల షెడ్డు, లోపల అంతస్తులుగా తట్టలు. సుమ మల్బరీ ఆకు తెచ్చి తట్టల మీద చల్లుతోంది. పురుగులు ఆకు తినే చప్పుడుకు వాన పడుతోందేమో అనుకుని బయటికి చూశాను, మంచి ఎండ. సుమ చిక్కిపోయింది. నన్ను చూసింది, పని ఆపలేదు.

దొడ్డమునియప్ప నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాడు. తనూ పిల్లమ్మా తలుపు దగ్గర నిలబడ్డారు. పిల్లమ్మ నేను అనుకున్నంత గయ్యాళిలా లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. చదువుకోనీయనందుకే ఇట్లయిపోయినాదని తననే తిట్టుకుంటోంది.

“అడుగమ్మా, నువ్వు ఏ భాషలో అడిగినా సరే” అన్నాడాయన.

జర్మన్‌లో పలకరించాను. ఫ్రెంచ్‌లో పలకరించాను. తిరగలేదు. చివరికి ‘ముషి’ అన్నాను. ఎందుకన్నానో తెలియదు, మామూలుగా పిలిచే పేరు అదే కదా.

సుమ చేతిలోని ఆకు కింద పెట్టింది. నా ముఖంలోకి చూసింది. తర్వాత జపనీస్‌లో మాట్లాడింది. నెమ్మదిగా, చిన్న మాటల్లో, ఒక్కోటి విడివిడిగా. ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు అందాలని ఎట్లా చెప్పేదో అచ్చం అట్లాగే.

“నా బిడ్డకు ఆ మందు పడదు.”

అంతే అంది. ఆ మాట నేను ఎట్లా చెప్పి ఉండాలో అట్లా చెప్పింది, ఒక్క అక్షరం తప్పు లేదు. చెప్పి, నా నోటికేసి చూస్తూ నిలబడింది.

తలుపు దగ్గర్నుంచి దొడ్డమునియప్ప రెండడుగులు ముందుకు వచ్చాడు. అయిదు వారాల తర్వాత కూతురి గొంతు విన్నాడు కదా, ముఖమంతా ఆశే. “మాట్లాడినాది! ఏమనింది తల్లీ? ఏమనింది?” అన్నాడు.

సుమ కాదనదు. అది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు నేను ఏం చెబుతానో.

“నేను బాగుండాను నాయనా. నువ్వు దిగులు పెట్టుకోవద్దు” అన్నాను. ఆమె యాసలోనే చెప్పాను.

ఆయన అక్కడే నేలమీద కూలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత లేచి నాకు దండం పెట్టాడు. పిల్లమ్మ నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. సుమ వంగి మళ్ళీ ఆకు తీసుకుని పక్క తట్ట మీద చల్లడం మొదలుపెట్టింది. మళ్ళీ నా వైపు చూడలేదు.

వారానికి ఒకసారి అయినా వచ్చి పోతుండమ్మా, నీ దగ్గరే నోరు విప్పింది అన్నాడు ఆయన, బస్సు ఎక్కిస్తూ. సరే అన్నాను. ఇంకో సంచీడు మామిడిపళ్ళు ఒళ్ళో పెట్టాడు. ములబాగిలు దాటాక ఆకలేసి ఒకటి తిన్నాను. తియ్యగా ఉంది.